కార్డులో రాసిన తూకం

బతుకమ్మ పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలందరినీ దసరా వెళ్లిన వారంలోపే ఎవరి మొగుళ్లు వాళ్లు వచ్చి తీసుకుపోయారు. నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. దీపావళి ముందు ఒక కార్డు మాత్రం వచ్చింది. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో పనిచేసే నా పెనిమిటి రాసిన కార్డు. ఆయన చేతిరాత చక్కగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. మామ అయిన మా బాపుకు దండాలు పెట్టి, పేరుపేరునా అందరి క్షేమం అడిగి, అడుగున కొంచెం జాగా మిగిల్చుకుని అసలు సంగతి అందులో రాశాడు. నేను మరీ లావైపోయానట. క్వార్టర్ల లైన్లో నలుగురూ నవ్వుతున్నారట. నెలనెలా నన్ను తూకం వేయించి ఎంత ఉన్నానో కార్డు రాయాలట. తగ్గాక తనే వచ్చి తీసుకుపోతాడట.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. పెళ్లయిన రెండో ఏడు కడుపు పోయింది. ఆ తర్వాత ఒళ్లు వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు తెలియదు, వచ్చింది. తిండిపోతునని అందరూ అనుకున్నారు. అన్నం పెట్టేటప్పుడు అత్త గిన్నె మూత పక్కన పెట్టి నా చేతివైపే చూసేది. ఆమె చూపుకు భయపడి సగం అన్నం తిని లేచేదాన్ని, అయినా తగ్గలేదు.

మాది వేములవాడకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. నేతోళ్ల ఇల్లు. ముందు గదిలో బాపు మగ్గం, వెనక గదిలో నూలు చిలపలు, ధాన్యం గుమ్మి, ఆ రెంటి మధ్య నేను. కార్డు చదివిన రోజు నుంచి కన్నతల్లి అయిన అవ్వే నన్ను వాకిట్లోకి రానివ్వలేదు. వాకిట్లోకి వస్తే ఎవరో ఒకరు అల్లుడింకా రాలేదా అని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి. వచ్చినవాళ్లకు బిడ్డ పెయ్యి మంచిగ లేదని, ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేది. ఒక రకంగా అది నిజమే. కూర్చుని బాపుకు కండెలు చుట్టేదాన్ని. మగ్గం చప్పుడు ఆగితే బయట బండ్ల చప్పుడు, మనుషుల మాటలు వినపడేవి. ఆ మాటల్లో ఎవరో నవ్వితే నన్ను చూసే నవ్వారని అనిపించేది, వాళ్లు నన్ను చూసే వీలే లేదని తెలిసినా సరే.

పొద్దున ఉడకబెట్టిన ఉలవల నీళ్లు, పగలు ఒక జొన్నరొట్టె, రాత్రికి మజ్జిగ. అవ్వ నా మీద ప్రేమతోనే పెట్టింది ఆ కడుపు ఎండబెట్టుడు. ఆమె ప్రేమకు దండం. నెల తిరిగేసరికి జుట్టు ఊడింది, కళ్ల కింద నలుపు వచ్చింది, ఒళ్లు మాత్రం ఉన్నచోటనే ఉంది.

నేను ఇల్లు దాటేది నెలకు ఒక్కసారే, కాంటా మీద నిలబడడానికి. మా ఊళ్లో నేతోళ్ల సంఘం గోదాము ఒకటి ఉండేది. అక్కడ నూలు తూచి ఇచ్చేవారు, నేసిన బట్ట తూచి తీసుకునేవారు. శేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్త రోజులు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయే వేళ చూసి బాపు నన్ను నడిపించుకుపోయేవాడు. కాంటా దగ్గర ఉండే ముసలాయన తల పైకెత్తకుండా ఇనుప గుండు అటూ ఇటూ జరిపి, నూలు బేళ్లకు చెప్పినట్టే నా తూకమూ గట్టిగా చెప్పేవాడు. ఆయనకు చెవుడు, మెల్లగా మాట్లాడడం రాదు. మొదటిసారి ఎనభై మూడు. బాపు కార్డులో ఎనభై మూడు అని రాశాడు. జవాబు లేదు.

రెండోసారికి బాపు ఒక ఆలోచన చేశాడు. నేత పని చేసేవాడికే వచ్చే ఆలోచన అది. బట్టకు పెట్టిన గంజి ఎంత తూకం తెస్తుందో ఆయనకు చిన్ననాటి నుంచి తెలుసు. మా ఇంట్లో చీరలు నిలబెడితే నిలబడేవి, గంజి లేని చీర కట్టుకోవడమంటే ఇంటి పరువు తీయడమే. బాపు అవ్వను పిలిచి, బిడ్డ చీరలో గంజి అంతా పోయేదాకా నాలుగు నీళ్లలో పిండమన్నాడు. ఎంత లేదన్నా కిలో తగ్గుతుందని లెక్క వేశాడు. ఆ లెక్క విని నాకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. గోదాములో ముసలాయన మళ్లీ ఎనభై మూడు అన్నాడు. బాపు నన్ను దిగమని, మళ్లీ ఎక్కమన్నాడు. మళ్లీ ఎనభై మూడే.

తిరిగి వస్తుంటే మా పక్కింటి గుమ్మంలో ఖాలా కూర్చుని ఉంది. ఆమె ముసల్మాన్ల ఇంటామె, పిన్నిని పిలిచినట్టు అందరం ఖాలా అనేవాళ్లం, భర్త పోయాక కుట్టుమిషన్ మీద బతుకు వెళ్లదీసుకునేది. ఆడవాళ్ల రైకలు, పిల్లల లాగులు కుట్టేది. ఒంటి లావులో నాకంటే ఆమెదే పైచేయి. అయినా ఆమెను చూస్తే లావు గుర్తుకొచ్చేది కాదు. ఎప్పుడు చూసినా తల నున్నగా దువ్వుకుని, కళ్లకు సుర్మా పెట్టుకుని, దగ్గరికి పోతే అత్తరు వాసన వేస్తూ ఉండేది. ఆరోజు నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఇయ్యాల మంచిగ కనవడుతున్నవ్ బేటీ. రోజూ గోనెసంచి తొడుక్కున్నట్టు ఉంటుంటివి" అంది.

ఇంట్లోకి పోయి చేత్తో చీర తడుముకుని చూసుకున్నాను. గంజి పోయిన నూలు చీర ఒంటికి ఒద్దికగా అతుక్కుని ఉంది. కుచ్చెళ్లు ముందుకు పొడుచుకు రావడం లేదు. కొంగు భుజం మీద బల్లలా నిలబడకుండా కిందికి జారింది. ఇన్నేళ్లూ నా ఒంటి మీద ఇంకో అరమనిషి గంజి రూపంలో నిలబడి ఉందని అప్పుడే తెలిసింది.

పెరట్లో మా ఇంటికీ ఖాలా ఇంటికీ మధ్య మట్టిగోడ నడుమెత్తు ఉండేది. అవ్వ బావికి పోయిన సమయం చూసి నేను ఆ గోడ దాటాను. దాటడం అంటే మాటలు కాదు, ఒకసారి మోకాలు దోక్కుపోయింది కూడా. ఖాలా ఇంట్లో నిలువెత్తు అద్దం ఉన్న అల్మారా ఉంది. మా ఇంట్లో ఉన్నది అరచేతంత అద్దం, అందులో బొట్టు ఒకటే కనపడేది. నన్ను నేను తల నుంచి కాళ్ల దాకా ఒక్కసారిగా చూసుకోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది. అంత లావుగా ఉన్నందుకు కాదు. అద్దంలో మనిషికి చంకల కింద రైక కుట్లు ఊడి ఉన్నాయి, మెడ మీద చెమట పొక్కులు, మడమలు పగిలి ఉన్నాయి, జుట్టు అట్ట కట్టి ఉంది. ఎన్ని నెలల నుంచో ఆ మనిషిని ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. అందుకు ఏడుపొచ్చింది.

ఖాలా ఏడవనిచ్చింది. తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది. "జర ఇను బేటీ. నువ్వు తగ్గుతవో తగ్గవో అల్లాకెరుక. అప్పటిదాంక గీ పెయ్యి నీదే గద. పక్కింటోళ్లదాని లెక్క ఎందుకు సూస్తున్నవ్?"

ఆమె నేర్పినవి పెద్ద విద్యలేం కావు. స్నానం కాగానే మెత్తటి పాత గుడ్డతో ఒంటి మడతల్లో తడి లేకుండా తుడుచుకుని, ఆరాకే బట్ట కట్టుకోమంది. చెమట పొక్కులకు వేపాకు కాచిన నీళ్లు, చంకల్లో వాసన రాకుండా తడి చేసిన పటిక. వినడానికి ఇంతే. కానీ రొమ్ముల కింద, పొట్ట కింద చేయి పెట్టి తుడుచుకోవడానికి నాకు ఎంత సిగ్గు వేసేదో చెప్పలేను. చీకటి స్నానాల గదిలో, ఒంటరిగా, నా ఒంటిని నేను ముట్టుకోవడానికి సిగ్గు. వారం పది రోజులకు పొక్కులు మాడాయి. దురద పోయాక తెలిసింది, దాన్ని ఓర్చుకోవడానికే నా సగం ఓపిక ఖర్చయిపోయేదని. వారానికి రెండుసార్లు కుంకుడుకాయలతో తలంటుకున్నాను, మడమలు ఇటుక ముక్కతో తోముకున్నాను. పొట్ట దాచుకుందామని ముందుకు వంగి నడిచేదాన్ని. వంగితే దాగదు, వీపు గూని అవుతుంది, రెండూ కనపడతాయి అని ఖాలా నా వీపు మీద ఒక్కటి వేసింది. ఉలవల నీళ్లు పారబోయించి, అవ్వకు తెలియకుండా గోడ మీద నుంచి పప్పు గిన్నె అందించేది.

అవ్వకు తెలియకుండా పప్పు తినొచ్చు గానీ తలంటుకోలేం. కుంకుడు నురగ చూసి అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మొగడు ఇడిసిపెట్టి పాయె. ఎవలు సూస్తరని గీ సోకులు?" అంది. నిజంగానే చూసేవాళ్లు ఎవరూ లేరు. నాలుగు గోడల మధ్య, ధాన్యం గుమ్మి పక్కన, శుభ్రంగా తల దువ్వుకుని, కాటుక పెట్టుకుని, కండెలు చుడుతూ కూర్చునేదాన్ని. అట్లా కూర్చున్న రోజు ఊపిరి కొంచెం బాగా ఆడేది. తలుపు మాత్రం మూసే ఉండేది.

అసలు యుద్ధం రైక దగ్గర జరిగింది. అవ్వ నా పాత కొలతకు రెండు రైకలు కుట్టించి పెట్టింది. తగ్గాక సరిపోతాయని. అవి తొడుక్కుంటే చేతికి నెత్తురు ఆడేది కాదు, సాయంత్రానికి కుట్టు వెంబడి ఎర్రగా కోసుకుపోయేది. ఖాలా కొత్త కొలత తీసుకుంటానంటే అవ్వ ఒప్పుకోలేదు. గీ కొలతకు కుట్టిస్తే పిల్ల గిట్లనే ఉండిపోతుంది, అశుభం అంది. ఒళ్లు తనకు కుట్టిన బట్టను చూసి పెరగడమో తగ్గడమో చేస్తుందని ఆమె నమ్మకం. ఖాలా గోడకు ఆనుకుని తాపీగా అడిగింది. "రేపొచ్చే పిల్లకు ఇయ్యాల్నే రైక కుడితివి. మరి ఇయ్యాల ఉన్న పిల్ల ఏం తొడుక్కోవాలె వదినా?" అవ్వ లోపలికి పోయి, బాపు నేసిన ముదురు నీలం గుడ్డ ముక్క తెచ్చి గోడ మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రైక తొడుక్కున్న రోజు చెయ్యి పైకెత్తి దండెం అందుకున్నాను, కుట్టు ఊడలేదు.

మూడో నెల ఆ కాగితం మిల్లులోనే పనిచేసే మా ఊరివాడు ఒకడు వచ్చి బాపు చెవిన ఒక మాట వేసిపోయాడు. మా అత్త ఖానాపూర్ దిక్కు ఒక పిల్లను చూస్తోందట. పిల్ల సన్నగా ఉంటుందట. బాపు ఆ పూట మగ్గం ఎక్కలేదు. తలుపు సందులోంచి నేను అంతా విన్నాను. వాళ్లు ఇంకో పిల్లను తెచ్చుకుంటే నా బతుకంతా ఈ వెనక గదిలోనే. అవ్వ పోయాక, బాపు పోయాక కూడా ఇదే గుమ్మి పక్కన. అన్ని రోజుల్లో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఆ నెల కాంటా మీద ఎనభై నాలుగు వచ్చింది. బాపు కార్డులో డెబ్బై తొమ్మిది రాశాడు. డబ్బాలో వేయడానికి పోయే ముందు కార్డు గూట్లో పెట్టి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నాలుగు తరగతులు చదువుకున్నాను కాబట్టి చదివాను. చదివి అక్కడే పెట్టేశాను. పై నెల డెబ్బై ఐదు, ఆ పై నెల డెబ్బై. కాంటా దగ్గరికి పోవడం మాత్రం మానలేదు. ఎందుకు బాపూ అని అవ్వ లేనప్పుడు అడిగితే, తూచకుండా రాస్తే పూర్తి పాపం, తూచి రాస్తే సగం పాపమే అన్నాడు. ఆయన పుణ్యాత్ముడే, దేవుడి దగ్గర కూడా తూకం తప్పించుకోవాలని చూసే పుణ్యాత్ముడు. నేను ఒప్పుకున్నానా అంటే ఒప్పుకున్నాను. మాట్లాడకపోవడం అంటే ఒప్పుకోవడమే.

చివరి కార్డులో అరవై ఆరు. ఎండలు ముదిరిన ఒక పొద్దున్న నా పెనిమిటి వచ్చాడు, చెప్పాపెట్టకుండా. నేను తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. గంజి లేని చీర, నీలం రైక. చెంబుతో నీళ్లు ఇచ్చాను. ఆయన తాగడం మరచి నన్ను చూశాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "కార్డుల రాసినట్టే ఉన్నది మామా. శాన తగ్గింది" అన్నాడు.

ఆ ఒక్క క్షణం నేను చాలా సంతోషపడ్డాను. పెనిమిటి కళ్లకు బాగున్నాను కదా. మరుక్షణం కార్డుల లెక్క గుర్తొచ్చింది. ఆయనకు నచ్చింది అరవై ఆరు కిలోల మనిషి, ఇక్కడ నిలబడి ఉన్నది ఎనభై నాలుగు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా పెట్టె సర్దింది. బాపు నా దగ్గరికి వచ్చి నోరు విప్పకు బిడ్డా అని చెప్పి, గబగబా మగ్గం గుంటలోకి దిగిపోయాడు. ఖాలా గోడ దగ్గరే నిలబడి నా చెవి వెనక అత్తరు రాసింది. నిజం చెప్పాలా వద్దా అని ఆమెను అడిగాను. ఆ ఒక్కటి నాకు తెలియదు బేటీ అంది.

బస్సులో ఆయన ఎంతో కులాసాగా ఉన్నాడు. కరీంనగర్‌లో సోడా తాగించాడు. క్వార్టర్‌కు సున్నం వేయించానన్నాడు, లైన్లో వాళ్లందరికీ చూపిస్తానన్నాడు. నేను తల ఊపుతూ ఉన్నాను. వెనక గదిలోంచి బయటికి వచ్చానన్న మాటే గానీ, గదిని వెంట తెచ్చుకున్నట్టే ఉంది. ఇక ఏ రోజు, ఎవరు, ఎక్కడ నన్ను తూస్తారోనని బతకాలి.

ఆ రోజు ఎంతో దూరం లేదు. పెద్దపల్లి స్టేషన్లో బండికి ఇంకా పావుగంట ఉంది. సామాన్లు తూచే కాంటా దగ్గర ఒక కూలీ కునుకుతున్నాడు. మా ఆయన సరదా పడ్డాడు. మీ ఊరి కాంటాను నమ్మలేం, కార్డు కన్నా ఇంకో రెండు కిలోలు తక్కువే ఉంటావు, ఎక్కి చూడు అన్నాడు. వద్దన్నాను. నవ్వుతూ మళ్లీ అన్నాడు. నేను చెప్పులు విడిచి ఎక్కాను. వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను.

"ఎనభై నాలుగు" అన్నాడు కూలీ.

మళ్లీ చూడమన్నాడు ఆయన. కూలీ మళ్లీ చూశాడు. "మీ బాపు అరవై ఆరని రాసె" అన్నాడు ఆయన నాతో, మెల్లగా.

"బాపు అబద్ధం రాసిండు. నేను సూసిన, ఊకున్న" అన్నాను.

కోపం కన్నా పరేషానీ ఎక్కువ కనపడింది ఆయన ముఖంలో. "మరి పొద్దుగాల గట్లెట్ల కనవడితివి?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. గిట్లనే ఉంటి అన్నాను. ఆయన బస్టాండు దిక్కు చూశాడు. తిరుగు బస్సు ఎక్కించాలా అని చూస్తున్నాడని అర్థమైంది. ఆలోపే సిగ్నల్ పడింది, జనం లేచారు. ఆయన నా పెట్టె అందుకోకుండా తన సంచి ఒక్కటే పట్టుకుని బండెక్కాడు. నా పెట్టె నేనే ఎత్తుకుని వెనక ఎక్కాను.

రైలు పెట్టె నిండా జనం. ఆయన పోయి దూరంగా, నడవకు అవతలి బల్ల చివర కిటికీ దగ్గర కూర్చున్నాడు. నా పక్కన కొంచెం జాగా ఉంది. ఎవరూ మేమిద్దరం ఒకటని అనుకోరాదని అలా కూర్చున్నాడు. కాగజ్‌నగర్‌లో దిగాక కూడా పది అడుగులు ముందే నడుస్తాడు. క్వార్టర్‌లో కూడా, జీవితమంతా కూడా.

నా పక్కన ఒక ముసలామె మంచిర్యాల పోతోంది. వక్క నములుతూ నన్ను చూసి చూసి, కడిగిన ముత్యం లెక్క ఉన్నవ్ బిడ్డా, ఎవరింటి కోడలివి అంది. తర్వాత చుట్టూ చూసి, వెంట మగవాళ్లు ఎవరూ లేరా, ఒక్కదానివే పోతున్నావా అని అడిగింది. ఆమె గొంతు పెద్దది. ఆయనకు వినపడింది. వినపడ్డట్టు నాకు తెలుసు, ఎందుకంటే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

అవునవ్వా ఒక్కదాన్నే అంటే సరిపోయేది. ఆయనకు బాగుండేది, నాకూ ఆ పూటకు గడిచేది. నేను ఇంట్లో కూడా ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా మాట్లాడాను. "ఉన్నడవ్వా. గా కిటికీ కాడ తెల్ల అంగీ ఆయన. నా పెనిమిటి."

అటు వైపున్న తలలన్నీ ఆయన మీదికి తిరిగాయి. ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. ముసలామె చేయి ఊపి, పెండ్లాం గీడ ఉంటే నువ్వు గాడ కూసునుడేంది బిడ్డా, రా రా అని కేకేసి, తన మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. అందరూ చూస్తుంటే ఆయన లేచి రాక తప్పలేదు. వచ్చి నా పక్కన కూర్చోబోయాడు. నేను జరిగితే తప్ప ఆ జాగా ఆయనకు చాలదు. నేను జరగలేదు. ఆయన బల్ల అంచు మీద ఒదిగి, ఒక కాలు బయటికి పెట్టుకుని, కాగజ్‌నగర్ దాకా అలాగే కూర్చున్నాడు.